సంవత్సరమే పేరైన పుస్తకములు

పుస్తకమునకు పేరు పెట్టుట బిడ్డకు పేరు పెట్టుటవంటిదే. కథానాయిక పేరో, ఊరి పేరో, చెవికింపైన సమాసమో వెదకి పెట్టుట రచయితల వాడుక. అట్లుగాక, ఒక్క యక్షరముతోనో, ఒక్క సంఖ్యతోనో, ఒక్క సంవత్సరముతోనో పేరు ముగించిన గ్రంథములును లోకమున కలవు. అట్టివానిని వెదకి కూర్చుట మాకు కొన్నియేండ్లుగా వేడుక. మా చిలకలూరిపేటలో ప్రత్తి ధరను, మిరప ధరను గూర్చి ముచ్చటించువారు వీథివీథిని కలరు గాని, ఈ వేడుకను గూర్చి ముచ్చటించువారు అరుదు. కావున సోదరీమణులతో పంచుకొనదలచితిమి.

ఒక్క యక్షరము పేరగునా యని నవ్వువారు కలరు. మన పూర్వులు నవ్వలేదు. సంస్కృతమున ఏకాక్షరకోశములను నిఘంటువులే వెలసినవి. 'అ' యనగా విష్ణువు. 'క' యనగా బ్రహ్మ. 'ఖ' యనగా ఆకాశము. 'మా' యనగా లక్ష్మి. ఖమున సంచరించునది గనుక పక్షి ఖగమైనది. 'మా'కు ధవుడు గనుక విష్ణువు మాధవుడైనాడు. అక్షరము పొట్టిదైనంతమాత్రమున అర్థము పొట్టిది కానక్కఱలేదు.

గ్రీసు దేశపు కథ యొకటి యిందుకు నిదర్శనము. అచట 1963లో లాంబ్రాకిస్ అను శాంతివాదియైన శాసనసభ్యుడు హత్య గావింపబడెను. జనులు గోడలపై 'జీటా' యను నక్షరమును వ్రాసిరి. 'బ్రదికియున్నాడు' అను గ్రీకుమాటకు అది మొదటి యక్షరము. వాసిలికోస్ అను రచయిత 1966లో వెలువరించిన నవలకు ఆ యక్షరమే పేరు. ఆంగ్లమున దానిని 'జెడ్' అందురు.

అమెరికాలో సూ గ్రాఫ్టన్ అను రచయిత్రి, మన పిల్లలు 'అ అనగా అమ్మ' యని చదువు రీతిని, ఆంగ్లాక్షరమునకొక అపరాధపరిశోధక నవల చొప్పున 1982 నుండి వ్రాసెను. ప్రతి పేరునందును అక్షరమును, దానితో మొదలగు మాటయు నుండును. 2015లో వెలువడిన 'ఎక్స్' మాత్రము మాట తోడు లేక ఒంటిగా నిలిచినది. 2017లో 'వై' వెలువడెను. ఆ యేటనే యామె మరణించుటచే 'జెడ్' రానేలేదు.

సంఖ్యలు మనకు క్రొత్తవి కావు. శతకమనగా నూఱు. హాలుని గాథాసప్తశతి యేడువందలు. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి యిరువది. సంవత్సరము పేరుగా గలవానిలో ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1874లో ప్రకటించిన 'తొంబదిమూడు' ప్రసిద్ధము. అది 1793 నాటి విప్లవకథ. ఆర్వెల్ 1949లో వెలువరించిన '1984' నాటికి రానున్న సంవత్సరమును పేరుగా ధరించినది. ఆ సంవత్సరము వచ్చి పోయినది, పుస్తకము నిలిచినది.

ఇట్టివానికై దూరదేశముల వంక చూచుచుండగా మాకొకటి తోచెను. సంవత్సరమే పేరుగా గల పుస్తకము మన యింటికి ప్రతి యుగాదికిని వచ్చుచునే యున్నది. అది పంచాంగము! 2024లో వచ్చినది 'క్రోధి', 2025లో వచ్చినది 'విశ్వావసు'. తిథి వార నక్షత్ర యోగ కరణములు, మేఘాధిపతి, సస్యాధిపతి, ఆదాయవ్యయములు అన్నియు నందే. అంచులయందు మన చేతివ్రాతతో పాలలెక్క, పురిటిదినము, అత్తగారి తద్దినపు తిథి యుండును. మఱుసటి యుగాది రాగానే దానిని చిత్తు కాగితములలో వేయుదుము.

సంవత్సరనామమునకు జనుల జ్ఞాపకమున గల బలమింతింత కాదు. మన గుంటూరు సీమను పీడించిన డొక్కల కరువు 1832-33 నాటిది, అది నందన. 1876లో మొదలైన కరువును ఆ యేటి పేరనే ధాతు కరువందురు. అయితే యీ పేళ్లు అఱువదియేండ్లకొకమాఱు తిరిగి వచ్చును. ప్రాత పుస్తకముపై 'విజయ' యని మాత్రమున్న 1893యో, 1953యో, 2013యో కాగితమును, అచ్చును జూచి నిర్ణయింపవలెను. పోలికగల పేళ్లు మఱియు చిక్కు. 1939 ప్రమాది, 1973 ప్రమాదీచ. 1949 విరోధి, 1971 విరోధికృత్తు. 1962 శుభకృత్తు, 1963 శోభకృత్తు.

ఈ కడపటి జంటవలననే మా వీథిలోని యొక యిల్లాలి వయస్సు తాఱుమాఱైనది. తాను శుభకృత్తున పుట్టితినని తల్లి చెప్పినట్లు ఆమె జ్ఞాపకము; ఆమె కాగితములలో 1963, జనవరి 1 అని యున్నది. అఱువదియేండ్లు నిండినవారికిచ్చు పింఛనుకు ఆమె ఎదురుచూచుచుండెను. తల్లి చెప్పిన మఱియొక మాట యామెకు బాగుగా గుర్తున్నది: జంధ్యాల పూర్ణిమ, బుధవారము. మా పెట్టెలోని రెండు పంచాంగములను తెఱచితిమి. శోభకృత్తున ఆ పూర్ణిమ సోమవారము. శుభకృత్తున బుధవారము, 1962 ఆగస్టు 15. తల్లి మాట నిజమైనది. కచ్చేరిలో పంచాంగమును సాక్ష్యముగా గ్రహింతురో లేదో వేఱుమాట. "నేను పుట్టిననాడు ఊరంతయు జెండాలెత్తిరా!" యని యామె కన్నులు తుడిచికొనెను.

సోదరీమణులారా! ఈ పుస్తకములను కూర్చుటకు వ్యయమక్కఱలేదు. ఈ యుగాదికి ప్రాత పంచాంగమును పాఱవేయక, అట్టపై ఇంగ్లీషు సంవత్సరమును గూడ వ్రాసి, వేపాకుతో పెట్టెలో నుంచుడు. పుట్టింట, అత్తింట అటకలపై నున్నవానిని అడిగి తెచ్చుకొనుడు. వేటపాలెమున 1918లో స్థాపితమైన సారస్వత నికేతనమువంటి గ్రంథాలయములు ప్రాత పత్రికలను పదిలపఱచుచున్నవి. మన యింటి తేదీలను పదిలపఱచుట మన పని. ఇంటిలో పెద్దలున్నచో ముందుగా వారి పుట్టిన సంవత్సరము, మాసము, తిథి, వారము నాలుగును అడిగి వ్రాసికొనుడు. వారము మఱువకుడు, రెండేండ్ల నడుమ సందేహము తీర్చునది తఱచుగా అదియే.