పాత ఫోనే టచ్ స్ట్రిప్.. ఫైనలియర్‌కు పనికొచ్చే ప్రాజెక్టు

ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే లైబ్రరీ మేనేజ్‌మెంట్, అటెండెన్స్ యాప్.. ఎక్కడ చూసినా ఇవే. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వాటిని చూసీ చూసీ విసిగిపోయి ఉంటారు. దానికి బదులు టేబుల్ మీద పెట్టి చూపించగలిగే పని ఒకటి చేయండి: మీరు రాసిన డెస్క్‌టాప్ అప్లికేషన్‌కు వేలితో నడిచే టచ్ స్ట్రిప్‌ను జోడించడం. బెల్లంపల్లిలో పాలిటెక్నిక్ చదువుతున్నా, రోజూ మంచిర్యాలకు బస్సెక్కి డిగ్రీకి వెళ్తున్నా దీనికి కావాల్సినవి రెండే. మామూలు విండోస్ ల్యాప్‌టాప్, మూలన పడ్డ పాత ఆండ్రాయిడ్ ఫోన్.

ఆపిల్ పెట్టింది.. తీసేసింది

ఈ ఆలోచన కొత్తదేం కాదు. లెనోవో 2014లో ఎక్స్1 కార్బన్ ల్యాప్‌టాప్‌లో ఫంక్షన్ కీల బదులు టచ్ వరస పెట్టి, మరుసటి ఏడాది మోడల్‌లోనే తీసేసింది. ఆపిల్ 2016 అక్టోబరులో మ్యాక్‌బుక్ ప్రోకు 'టచ్ బార్' తెచ్చింది. మనం వాడుతున్న యాప్‌ను బట్టి దాని మీద బటన్లు మారిపోయేవి. చూడ్డానికి బాగుంది కానీ, తడిమితే వేలికి ఏమీ తగలదు. ప్రతిసారీ తల దించి చూడాల్సిందే. 2019లో ఎస్కేప్ కీ మళ్లీ అసలు బటన్‌గా వచ్చింది. 2021 మోడళ్లలో పూర్తి ఫంక్షన్ కీలు వచ్చేశాయి. 2023లో టచ్ బార్ ఉన్న చివరి మోడల్ అమ్మకం కూడా ఆగిపోయింది.

అందుకే సెకండ్‌హ్యాండ్ మ్యాక్ కోసం అప్పు చేయకండి. ఎలక్ట్రాన్‌లో టచ్ బార్ కోసం రెడీమేడ్ సౌకర్యం ఉన్నా, అది మ్యాక్‌లోనే పనిచేస్తుంది. నేర్చుకోవాల్సింది దాని వెనకున్న పద్ధతి. ఆ పద్ధతి ఎక్కడైనా ఒకటే.

అసలు పని ఇక్కడే

నోడ్ జేఎస్‌తో ల్యాప్‌టాప్‌లో చిన్న సర్వర్ నడపండి. ఫోన్ బ్రౌజర్‌లో దాని ఐపీ అడ్రస్ తెరిస్తే బటన్లు, స్లైడర్ ఉన్న పేజీ వస్తుంది. రెండింటి మధ్య మాటలు వెబ్‌సాకెట్ ద్వారా నడుస్తాయి. రెండూ ఒకే హాట్‌స్పాట్‌లో ఉండాలి. మొదటిసారి విండోస్ ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు మాత్రమే అనుమతివ్వండి.

చాలామంది బటన్ నొక్కగానే జరగాల్సిన పనిని ఆ బటన్ కోడ్‌లోనే రాసేస్తారు. అలా వద్దు. 'సేవ్', 'అక్షరం పెద్దది చెయ్యి' లాంటి ఆదేశాలన్నీ అప్లికేషన్‌లో ఒకేచోట పెట్టండి. మెనూ, కీబోర్డు షార్ట్‌కట్, ఫోన్ స్ట్రిప్.. మూడూ అక్కడికే రావాలి. మౌస్‌తో అక్షరం సైజు మారిస్తే ఫోన్‌లో స్లైడర్ కూడా కదలాలి. అంటే అసలు విలువ అప్లికేషన్ దగ్గరే ఉంటుంది, స్ట్రిప్ దాన్ని చూపిస్తుందంతే.

స్లైడర్‌తో ఇంకో తలనొప్పి ఉంది. వేలు జరుపుతుంటే సెకనుకు పదుల సంఖ్యలో సందేశాలు వస్తాయి. 50 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున పంపండి. వేలు ఎత్తినప్పటి చివరి విలువ మాత్రం తప్పకుండా వెళ్లాలి. భద్రత కూడా చూసుకోవాలి. ఫోన్ నుంచి వచ్చిన ప్రతి మాటనూ నమ్మి నడపొద్దు. మీ జాబితాలో ఉన్న ఆదేశాలనే తీసుకోవాలి.

తెలుగు కలిపితే..

నాకు బాగా నచ్చే ఉపయోగం ఇదే. చిన్న తెలుగు నోట్‌ప్యాడ్ చేసి, 'క' టైప్ చేయగానే స్ట్రిప్ మీద కా, కి, కీ, కు అని గుణింతం వచ్చేలా చేయండి. బటన్ మీద ఒట్టి గుణింతం గుర్తే పెడితే పక్కన చుక్కల గుండ్రం కనిపిస్తుంది. కాబట్టి పూర్తి అక్షరం చూపించి, పంపేటప్పుడు గుర్తు మాత్రమే పంపాలి. వత్తుకైతే హల్లు తర్వాత పొల్లు, దాని తర్వాత ఇంకో హల్లు.

'బెల్లంపల్లి' అని రాసి జావాస్క్రిప్ట్‌ను పొడవు అడగండి. మనకు బె, ల్లం, ప, ల్లి అని నాలుగక్షరాలు కనిపిస్తే, అది 11 అంటుంది. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఏం పోవాలి? వత్తా, మొత్తం అక్షరమా? నిర్ణయం మీదే. కానీ ఎందుకలా చేశారో ఇంటర్వ్యూలో చెప్పగలగాలి. యూనికోడ్ గురించి పది నిమిషాలు మాట్లాడే అవకాశం దొరికినట్టే.

స్ట్రిప్ లేకపోయినా అన్ని పనులూ కీబోర్డుతో జరగాలని మర్చిపోవద్దు. టచ్ బార్ విషయంలో డెవలపర్లకు ఆపిల్ చెప్పిన మాట కూడా అదే. బటన్ తగిలినట్టు తెలియడానికి ఆండ్రాయిడ్ క్రోమ్‌లో చిన్న వైబ్రేషన్ ఇవ్వొచ్చు.

కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టి, 30 సెకన్ల వీడియో జత చేయండి. రెజ్యూమెలో 'టచ్ స్ట్రిప్ చేశాను' అని వదిలేయకుండా, ఆదేశాలు ఎలా విడదీశారో ఒక్క వాక్యం రాయండి. 'మధ్యలో వైఫై పోతే?' అని అడుగుతారు. ఫోన్ తనే మళ్లీ కనెక్ట్ అయ్యి, అప్లికేషన్ నుంచి తాజా విలువలన్నీ తెచ్చుకోవాలి. వెళ్లేముందు ఇంట్లో ఒకసారి హాట్‌స్పాట్ ఆపి, మళ్లీ ఆన్ చేసి చూసుకోండి.