నీరే మూసే తలుపు

ప్రకాశం బ్యారేజీ దగ్గర నిండు నీటిమట్టం సముద్రమట్టానికి 57.05 అడుగుల ఎత్తు. అక్కణ్ణించి బందరు దాదాపు 70 కిలోమీటర్లు. మొవ్వ, కూచిపూడి పొలాలను తడిపే కృష్ణా నీరు ఈ పల్లమంతా దిగి రావాలి. కాలువను ఒకటే వాలుగా తవ్వితే వడి పెరిగి గట్లు కోతపడతాయి. అందుకే ఇంజనీర్లు వాలు తగ్గించి, మిగిలిన పల్లాన్ని అక్కడక్కడా మెట్లలా దించారు. నీటికి ఇబ్బంది లేదు, పడవకే కష్టం. ఆ కష్టం తీర్చేది లాకు.

ఈ ఉపాయం పాతదే. క్రీ.శ. 984లో చైనాలో చియావో వెయ్‌యువె అనే అధికారి గ్రాండ్ కెనాల్ మీద రెండు తలుపుల మధ్య పడవను నిలిపి నీటిమట్టం మార్చే ఏర్పాటు చేశాడు. 15వ శతాబ్దం చివర మిలాన్ కాలువల కోసం లియొనార్డో డావించీ గీసిన చిత్రాల్లో ఇప్పటి జంట తలుపుల రూపం కనిపిస్తుంది. ఇక్కడ, ఇప్పటి బ్యారేజీకి ముందున్న కృష్ణా ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని వెనకున్న ఇంజనీరు ఆర్థర్ కాటన్‌కు కాలువంటే సాగు ఒక్కటే కాదు, సరుకుల బాట కూడా. అలా డెల్టాకు లాకులొచ్చాయి.

దిగువ నుంచి పడవ ఎగువ, దిగువ తలుపుల మధ్య ఉన్న గదిలోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. ఎగువ తూము ఎత్తగానే నీరు నిండి పడవ పైకి లేస్తుంది. గదిలోనూ ఎగువనా మట్టం సమానమయ్యాక ఎగువ తలుపులు సులువుగా తెరుచుకుంటాయి. పంపు లేదు, ఇంధనం లేదు. తలుపు రెండు రెక్కలూ ఎగువ వైపుకి కోణంగా కలుసుకుంటాయి కాబట్టి నీరు నెట్టేకొద్దీ ఇంకా బిగుస్తాయి. రెండు మీటర్ల లోతు నీరు ఒక వైపునే నిలిస్తే తలుపు ప్రతి మీటరు వెడల్పు మీదా దాదాపు రెండు టన్నుల బలం పడుతుంది. మట్టాలు సమానం కాకుండా ఆ తలుపు తీయడం మనిషి తరం కాదు.

రైళ్లు, లారీలు వచ్చాక ధాన్యం పడవలు కనుమరుగయ్యాయి. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలను, కృష్ణా గోదావరి పాయలతో కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కానీ పడవ తిరగాలంటే ముందు లాకు పనిచేయాలి. దాని మనుగడకు కావలసింది పూడిక తీత, గుర్రపుడెక్క ఏరివేత, తలుపులకు మరమ్మతు. కాలువలకు సిమెంటు లైనింగు వేసేటప్పుడు పాత లాకులను పనికిరానివని పూడ్చకండి. మీ ఊరి దగ్గర లాకుంటే ఆ తలుపులు కదిలే స్థితిలో ఉన్నాయో లేదో నీటి సంఘాన్ని అడగండి.