మక్కా మసీదు పావురములకు నాయకుడెవ్వడు?

చార్మినారునకు నైరృతి దిక్కున నున్న మక్కా మసీదు ప్రాంగణమున, యాత్రికులు చల్లు గింజల కొరకు మూగి, ఏ చిన్న సవ్వడికైనను ఒక్కుమ్మడిగా లేచి, ఒకే దుప్పటిని దులిపినట్లు గాలిలో మలుపు తిరిగి, మరల నేలకు వ్రాలు పావురములను చూచినవారికి, ఈ దండునకు సేనాని యెవ్వడో యుండవలెనని తోచుట సహజము. కాని యెవ్వడును లేడు. 1987వ సంవత్సరమున క్రెయిగ్ రేనాల్డ్స్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు కృత్రిమ పక్షులకు మూడే నియమములను విధించి (ప్రక్కవానిని ఒరసికొనరాదు, అవి పోవు దిక్కునకే పోవలెను, వాని నడుమకు జరుగవలెను) తెరపై మందను ఎగురవేసెను. మందను గూర్చిన ఆజ్ఞ ఒక్కటియు అందులో లేదు. ఏజెంటు నమూనా యనగా నిదియే. ఆ మాట వినగానే బీమా ఏజెంటు మనసున మెదలుట తప్పదు గాని, తన ఇరుగుపొరుగును మాత్రమే చూచి తన నియమము చొప్పున మెలగునది యేదైనను ఇచట ఏజెంటే.

ఈ విద్య నేర్పువారు తొలినాడే పిల్లలను కంప్యూటరు ముందు కూర్చుండబెట్టుట నాకు సమ్మతము గాదు. థామస్ షెల్లింగ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు, 1971లో ప్రకటించిన తన నమూనాను, గళ్లపై నాణెములు జరుపుచునే పరీక్షించెను. చదరంగపు బల్లపై రూపాయి బిళ్లలు ఇరువది, రెండు రూపాయల బిళ్లలు ఇరువది చెల్లాచెదురుగా పేర్చి, చుట్టునున్న వానిలో మూడవ వంతైనను తనవంటివి లేని బిళ్లను ఖాళీ గడికి మార్చుచు పొండని చెప్పినచో చాలును. ఒకదానిని మార్చగానే, అంతవరకు తృప్తిగా నున్న పొరుగుబిళ్లకు అసంతృప్తి గలుగవచ్చును. దానిని మార్చగా మరియొకదానికి. వేరుపడవలెనని ఏ బిళ్లయు కోరకున్నను, తరచుగా అవి పేటలు పేటలుగా విడిపోవును. పాతబస్తీ పిల్లలకు దీని భావమును వివరింపనక్కరలేదు.

కంప్యూటరు ఆ తరువాతనే. యూరీ విలెన్‌స్కీ 1999లో రూపొందించిన నెట్‌లోగో ఉచితముగా లభించును. రంజాన్ రాత్రి లాడ్ బజారునకు నమూనా కట్టుడన్నచో, పిల్లలు మొట్టమొదట వ్రాయు నియమము "జనము క్రిక్కిరియును" అనునది. అది ఫలితము, నియమము గాదు. గాజుల దుకాణమునకు పోవు తల్లి యొక్కతె ఏమి చేయును? తన దారిన పోవుచు, ఎదురు వచ్చువారికి ఒత్తిగిల్లి తొలగును. ఇంతే వ్రాసినను, 1995లో హెల్బింగ్, మోల్నార్ అను పరిశోధకులు చూపినట్లు, పోవువారును వచ్చువారును తమంత తామే బారులు తీరుదురు.

పిమ్మట పిల్లలను చార్మినారు మొదటి అంతస్తున కెక్కించి, పడమట క్రిందనున్న లాడ్ బజారును చూపవలెను. బారులు కనబడును, నడుమ తోపుడుబండి నిలిచినచోట మాత్రము చెదరును. ఆ బండి వారి నమూనాలో లేదు.