కంప్యూటరు పహాణీ, మన జాగ్రత్త

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో పూర్వము పహాణీ పట్వారీ దస్త్రములో నుండెడిది. దిద్దుబాటు జరిగినచో సిరా మరక కంటికి కనిపించెడిది. నేడు ఆ లెక్క కంప్యూటరులో చేరినది. 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చినవి.

తెరమీద దిద్దుబాటుకు మరక ఉండదు. కావున మీ వేలిముద్ర, సెల్‌ఫోనుకు వచ్చు ఓటీపీ మీ సంతకముతో సమానము. సర్వే నంబరు, ఎకరములు, గుంటలు చదివించుకొనిన పిమ్మటనే వేలిముద్ర వేయుడు. మీరిచ్చిన సొమ్ము, చలానాలోని సొమ్ము ఒక్కటేనా చూచుకొనుడు. గుంట తేడాయే కదా అని ఊరుకొనరాదు. గట్టు తగాదాలు గుంటతోనే మొదలగును. తహసీల్దారు ఉత్తర్వు సరికాదని తోచినచో ఆర్డీవోకు, ఆపై కలెక్టరుకు అప్పీలు కలదు.

గ్రామోద్యోగులకు ఒక మాట. పని ఒత్తిడిలో తమ పాస్‌వర్డును సహాయకునికి చెప్పుట సులువే. బీరువా తాళము వీధిలో వ్రేలాడదీయుటకు, దీనికి భేదము లేదు. ఇతరుల పాస్‌వర్డును మోసముతో వాడినవారికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 66సి సెక్షను క్రింద 3 ఏండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా కలవు.

అదే సెల్‌ఫోనుతో బ్యాంకు ఖాతా కూడ ముడిపడియున్నది. ఎవరికైనను ఓటీపీ చెప్పి సొమ్ము పోగొట్టుకొనినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయుడు. ఆలస్యము కానిచో సొమ్ము మోసగాని చేతికి చిక్కకుండ నిలుపుటకు వీలుండును.