పాత పటం చట్రంతో నల్లబల్ల

1987లో మొదలైన ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ పథకం ప్రాథమిక పాఠశాలలకు నల్లబల్లలను సమకూర్చింది. అయితే గోడమీది బల్ల ఎక్కువగా ఉపాధ్యాయునికే ఉపయోగపడుతుంది. అశ్వారావుపేట ప్రాంతపు గూడేలలో, ఇంట కోయ మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలకు రాసి, చెరిపి, మళ్ళీ రాసుకునే సొంత బల్ల అవసరం.

తయారీ: పాత పటం చట్రం నుంచి గాజు తీసివేయండి. అదే కొలతకు ప్లైవుడ్ ముక్క కోయించి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడవండి. బ్లాక్‌బోర్డు పెయింట్ ఒక పూత వేసి, పూర్తిగా ఆరాక రెండవ పూత వేయండి. ఈ పని పెద్దలే, గాలి ఆడేచోట చేయాలి. ఆరిన పలకను చట్రంలో బిగించండి.

సూత్రం: సుద్ద గరుకు తలంపై అరిగి, పొడిగా అంటుకుంటుంది. నిగనిగలాడే ఎనామిల్ పెయింట్‌పై జారిపోతుంది. కొత్త బల్లపై ముందుగా సుద్దముక్కను అడ్డంగా పట్టి అంతటా రుద్ది తుడవాలి. అప్పుడు సన్నని గుంటలు పొడితో నిండుతాయి. లేకుంటే మొదట రాసిన అక్షరాల జాడ మిగిలిపోతుంది.

వినియోగం: కోయలో ‘ఏర్’ అంటే నీరు, తెలుగులో ‘ఏరు’ అంటే వాగు. రెండింటినీ పక్కపక్కనే రాయించి, బొమ్మలు వేయించండి. ఇంటిమాట తప్పు కాదని, అది మరో భాషలోని మాట అని పిల్లలకు తెలుస్తుంది.

అభ్యాసం: ఇలాంటి మరో మూడు జంట పదాలను మీ విద్యార్థుల నుంచి సేకరించండి.