పైకప్పు లేని కారుకే పై ధర

పాత బియ్యానికి కొత్త బియ్యం కన్నా ఎక్కువ ధర పలకడం వర్తకులకు తెలియని సంగతి కాదు. కాని పాతబడిన ప్రతి బస్తాకూ ఆ ధర రాదు. తేమ తగిలిందా, పురుగు పట్టిందా, ఏ ఏటి పంట అన్నది తేలాకే బేరం కుదురుతుంది. ఇంగ్లండులో పాత స్పోర్ట్స్ కార్ల మార్కెట్టు కూడా ఇదే పద్ధతిలో నడుస్తోంది. అక్కడ తరచు చేతులు మారే సరకుల్లో కోవెంట్రీలో తయారైన జాగ్వార్ ఈ-టైప్ రోడ్‌స్టర్ ఒకటి. జాగ్వార్ కంపెనీ 2008 నుంచి టాటాల యాజమాన్యంలో ఉంది గనుక ఈ సరకు మనకు మరీ పరాయిదేమీ కాదు.

రోడ్‌స్టర్ అంటే ఇద్దరు మాత్రమే కూర్చునే, గట్టి పైకప్పు లేని బండి. వాన వస్తే గుడ్డ టాపు పైకి లాక్కోవాలి. పైకప్పు ఉన్నదాన్ని కూపే అంటారు. 1961 మార్చిలో జెనీవాలో ఈ-టైప్‌ను మొదటిసారి చూపినప్పుడు అక్కడున్నది కూపే. దాన్ని ఎక్కి చూడాలని వచ్చినవారి తాకిడి తట్టుకోలేక కంపెనీ అధిపతి సర్ విలియం లయన్స్ ఇంకో బండి పంపమని కోవెంట్రీకి కబురు పెట్టారు. టెస్టు డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ ఒక రోడ్‌స్టర్‌ను రాత్రంతా నడుపుకుంటూ మర్నాటి ఉదయానికి జెనీవా చేర్చారు. గంటకు 150 మైళ్ల వేగమని కంపెనీ చెప్పుకుంది. ఇంగ్లండులో రోడ్‌స్టర్ ధర పన్నులతో కలిపి 2,100 పౌండ్ల లోపే. ఆ రోజుల్లో ఆస్టన్ మార్టిన్ డీబీ4 కావాలంటే దాదాపు రెట్టింపు పెట్టాలి. గిరాకీ ఎందుకు విరుచుకుపడిందో వేరే చెప్పనక్కరలేదు.

ఆనాటి ధరల పట్టికలో గమనించదగ్గ విశేషం మరొకటి ఉంది. కూపే ధర రోడ్‌స్టర్ కన్నా సుమారు 100 పౌండ్లు ఎక్కువ. పైకప్పుకు రేకు, పని ఎక్కువ పడుతుంది కాబట్టి అది న్యాయమే. ఈనాడు పట్టిక తిరగబడింది. ఒకే ఏటి బండ్లు, ఒకే స్థితిలో ఉన్నా రోడ్‌స్టర్‌కే పై ధర. బాగా పునరుద్ధరించిన మొదటి శ్రేణి రోడ్‌స్టర్ లక్ష పౌండ్ల పైమాటే.

ఈ మోజుకు మూలం ఆకారం. బాడీ గీసిన మాల్కం సేయర్ విమానాల కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. గాలి ఒరుసుకుపోయే తీరును లెక్క కట్టి వంపులు తీర్చాడు. బండి పొడవులో సగానికి దగ్గరగా ఉండే ముందు బానెట్ మొత్తం ఒక్క ముక్కగా ముందుకు తెరుచుకుంటుంది. న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియం 1996లో ఒక ఈ-టైప్‌ను తన సేకరణలో చేర్చుకుంది. అదీ రోడ్‌స్టరే. టాపు దించి, ఆరు సిలిండర్ల ఇంజను చప్పుడు చెవిన పడుతుండగా ఎండలో నడపడంలోని సుఖం కూపేలో రాదని కొనేవారి మాట. ఇంగ్లండులో అలాంటి ఎండ ఏడాదికి ఎన్నాళ్లు కాస్తుందన్నది వేరే లెక్క.

సరకు కొరతగా ఉందా అంటే లేదు. 1961 నుంచి 1974 దాకా అన్ని రకాలూ కలిపి 72 వేలకు పైగా ఈ-టైప్‌లు తయారయ్యాయి. అందులో సింహభాగం అమెరికాకు పోయింది. కొరత ఉన్నది మేలురకంలోనే. 1961-64 మధ్య 3.8 లీటర్ల ఇంజనుతో వచ్చిన రోడ్‌స్టర్లు సుమారు 7,800. వాటిలో కుడివైపు స్టీరింగు ఉన్నవి వెయ్యి లోపే. తరువాత వచ్చిన 4.2 లీటర్ల బండికి గేరుబాక్సు, బ్రేకులు మెరుగుపడ్డాయి. నడిపేవారు దాన్ని మెచ్చుకుంటారు, దాచేవారు మొదటిదాన్ని వెతుకుతారు.

ఇక్కడే మోసానికి తావు ఏర్పడింది. అమెరికా నుంచి తెచ్చిన ఎడమ స్టీరింగు బండిని కుడివైపుకు మార్చడం మామూలైపోయింది. చౌకగా దొరికిన కూపే పైకప్పు కోసి రోడ్‌స్టర్ చేసినవారూ ఉన్నారు. రంగు పడ్డాక కంటితో పోల్చుకోవడం కష్టం. బండి నంబరు మాత్రం అబద్ధమాడదు. 3.8 బండ్లలో కుడి స్టీరింగు రోడ్‌స్టర్ల వరుస 850001తోను, కూపేల వరుస 860001తోను మొదలైంది. ఎడమ స్టీరింగు రోడ్‌స్టర్లకు 875001, కూపేలకు 885001. నంబరు 885తో మొదలవుతూ బండికి పైకప్పు లేదంటే కొనేవాడు జేబు మీద చేయి వేసుకోవలసిందే. బానెట్ కింది రేకు మీద బండి, ఇంజను, బాడీ, గేరుబాక్సు నంబర్లు నాలుగూ ఉంటాయి. వాటిని జాగ్వార్ వారసత్వ ట్రస్టు ఇచ్చే ధ్రువపత్రంతో సరిపోల్చుకోవచ్చు. ఏ రంగుతో, ఏ తేదీన, ఏ డీలరుకు పోయిందో ఆ పత్రంలో ఉంటుంది. నాలుగు నంబర్లూ కలిస్తే ఒక ధర, ఇంజను మారితే మరో ధర.

ఇక తుప్పు సంగతి. పైకప్పు లేని బండికి బలమంతా తలుపుల కింద నడిచే పెట్టె దూలాల్లో ఉంటుంది. అవి లోపలి నుంచి తింటాయి, బయటికి కనబడవు. జాకీ ఎత్తితే తలుపు సందు మూసుకుపోయిందంటే నడుము విరిగినట్టే. ఆ దూలాలు కోసి కొత్తవి వెల్డింగు చేసే ముందు తలుపుల చోట ఇనుప కమ్మీలతో బాడీని బిగించాలి. తొందరపడి ఆ పని మానేస్తే బండి ఒంకరపోతుంది, ఆపైన ఎంత రంగు వేసినా తలుపు సరిగా పడదు. పూర్తి పునరుద్ధరణకు పనిగంటలు వెయ్యి దాటడం మామూలే. 2017లో జాగ్వార్ కంపెనీయే పాత ఈ-టైప్‌లను తెచ్చి, విప్పి, మళ్లీ కట్టి అమ్మడం మొదలుపెట్టినప్పుడు చెప్పిన ధర 2,85,000 పౌండ్ల నుంచి. పాడుబడిన బండిని చౌకగా కొని, బాగుచేయించి లాభం తీద్దామనుకున్నవారు చాలామంది పెట్టిన సొమ్ము రాబట్టుకోలేకపోయారు. ఒకరు నష్టపడి పూర్తి చేసినదాన్ని కొన్న రెండోవాడిదే తరచు లాభసాటి బేరం.

ధర ఎప్పుడూ ఎక్కుతూనే ఉంటుందనుకోవడమూ పొరపాటే. 1980ల చివర సట్టా కొనుగోళ్లతో ఈ-టైప్ ధరలు ఆకాశానికి ఎగిశాయి. 1990 నుంచి కుప్పకూలాయి. అప్పు తెచ్చి కొని షెడ్డులో పెట్టినవారు వడ్డీ కట్టలేక వచ్చిన ధరకు వదిలించుకున్నారు. కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. 2010 తరువాత మళ్లీ వచ్చిన ఊపు కూడా కొన్నాళ్లకు మెత్తబడింది. 2017 జనవరిలో అమెరికా వేలంలో ఒక ఈ-టైప్ 73 లక్షల డాలర్లు దాటిందన్న వార్త చూసి మామూలు బండికి ధర పెంచినవారు భంగపడ్డారు. అది పందేల కోసం అల్యూమినియం బాడీతో ఆ కాలంలో కట్టిన 12 బండ్లలో ఒకటి. దానికీ వీధిలో తిరిగే రోడ్‌స్టర్‌కూ పోలిక లేదు.

బ్రిటన్‌లో సొంత వాడకపు కారు అమ్మితే వచ్చే లాభంపై మూలధన పన్ను లేదు. నలభై ఏళ్లు దాటిన బండికి రోడ్డు పన్ను కూడా కట్టనక్కరలేదు. దాచేవారికి ఈ రెండూ ఊరటే. అయితే బీమా, షెడ్డు అద్దె తప్పవు. పైగా 2021 సెప్టెంబరు నుంచి అక్కడి మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు గొట్టాలకు పడదు గనుక ఖరీదైన రకం పెట్రోలు పోయించుకోవాలి.

ఇప్పుడు ఎర్ర రంగు నిగనిగలు చూసి చెక్కు రాసేవారు తక్కువ. కొనేవారు ముందు బానెట్ ఎత్తించి నంబర్లు రాసుకుంటున్నారు. ఆ తరువాత బాడీ విప్పి ఉన్నప్పుడు తీసిన ఫొటోలు, వెల్డింగు బిల్లులు చూపమంటున్నారు. అవి చూపలేని అమ్మకందారు బేరం మొదలుకాకముందే ధర తగ్గించుకోవలసి వస్తోంది.