మన సారంగధరుడికి గ్రీకు అన్న

సవతి తల్లి కొడుకు మీద మనసుపడింది. అతను కాదన్నాడు. ఆమె నింద అతని మీదే మోపింది. తండ్రి ముందూ వెనకా చూడకుండా కొడుకుకు శిక్ష వేశాడు. రాజమహేంద్రవరం చిత్రాంగి, సారంగధరుల కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. ఈ కథకే ఇంకో రూపం క్రీ.పూ. 428లో ఏథెన్స్ నగరంలో నాటకమై, పోటీలో మొదటి బహుమతి గెలిచింది. దాని పేరు హిప్పోలిటస్, రాసింది యూరిపిడిస్. పుట్టపర్తిలో తెలుగు పంతులుగా ఉన్నన్నాళ్లూ నాటకం పాఠం వచ్చినప్పుడల్లా ఈ రెండు కథలూ పక్కపక్కనే పెట్టి చెప్పేవాణ్ణి.

గ్రీకు కథలో సవతి తల్లి పేరు ఫీడ్రా. మనసులోని మాట బయటపడినందుకు సిగ్గుతో ఉరేసుకుంటుంది. పోతూ పోతూ యువరాజు మీద నింద రాసిన పలక వదిలి పోతుంది. అది చదివి తండ్రి థీసియస్ కన్నకొడుకును శపిస్తాడు. సముద్రంలోంచి పెద్ద ఎద్దు లేచి వస్తుంది, రథం గుర్రాలు బెదిరి హిప్పోలిటస్‌ను ఈడ్చుకుపోతాయి. కొనఊపిరితో ఉన్న కొడుకును తండ్రి ముందుకు తెస్తారు. నిజం అప్పటికే తెలిసిపోయింది, చేయగలిగింది మాత్రం ఏమీ లేదు. ఆ కొడుకు తండ్రిని క్షమించి కన్నుమూస్తాడు.

ఈ నాటకం చూసినవాళ్లు ఎలాంటి రోజుల్లో ఉన్నారో కూడా తెలియాలి. అప్పటికి ఏథెన్స్‌కు స్పార్టాతో యుద్ధం సాగుతోంది. క్రీ.పూ. 430లో మొదలైన మహమ్మారి ఊరిని ఊడ్చేసింది, నాయకుడు పెరిక్లిస్ కూడా పోయాడు. అయినా ఏటా వసంతకాలంలో డయోనిసస్ దేవుడి ఉత్సవం ఆపలేదు. కొండ వాలులో జనం కూర్చునేవారు. ముగ్గురు కవులు పోటీ పడేవారు. ఒక్కొక్కరివి మూడు విషాద నాటకాలు, చివర ఒక నవ్వుల ఆట. పాటబృందం ఖర్చు నగరంలోని ఒక ధనవంతుడు భరించాలి, అది అతని పౌరధర్మం. బహుమతి తేల్చే న్యాయనిర్ణేతలను చీటీలు తీసి ఎంచేవారు. ఆ నగరంలో ఆడవాళ్లకూ బానిసలకూ సభలో ఓటు లేదు. రంగం మీద మాత్రం ఫీడ్రా బాధా, ఆమెను పెంచిన దాది వాదమూ ఊరంతా వినాల్సిందే. ఆ పాత్రలు కట్టింది ముఖానికి ముసుగులు పెట్టుకున్న మగవాళ్లే.

మన సీమలో దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరున్న ఊరు. మేక తోలును పల్చగా అయ్యేదాకా గీకి, నగలున్న చోటల్లా సన్న బెజ్జాలు పొడిచి, రంగులద్దుతారు. తెర వెనక దీపం వెలగ్గానే ఆ బెజ్జాల్లోంచి వెలుతురొచ్చి సీత మెడలో హారం మెరుస్తుంది. నా చిన్నతనంలో ఊళ్లో ఆట కట్టించాలంటే నాలుగు మోతుబరి ఇళ్లు ఖర్చు పెట్టుకునేవి, చూసేది మాత్రం ఊరంతా. లక్ష్మణుడు మూర్ఛపోయినప్పుడు కళ్లు తుడుచుకున్న మనుషులే, కాసేపటికి కేతిగాడూ బంగారక్కా రాగానే పడీపడీ నవ్వేవారు. వానలు మొహం చాటేసిన ఏడు ఊరు విరాటపర్వం చదివించుకునేది. నాటకమైనా పురాణమైనా కష్టకాలంలో నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టే పని.

అయితే మన కథల్లో చివరికి మంచే జరగాలని పాత నియమం. జానపద కథలో సారంగధరుడికి తెగిన కాళ్లూ చేతులూ సిద్ధుడి మహిమతో తిరిగొస్తాయి. ఆ నియమాన్ని దాటిన మనిషి ఈ నేలవాడే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టారు, బళ్లారిలో వకీలు. 1882 దాకా అనంతపురం ప్రాంతం బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆయన సరస వినోదినీ సభ పెట్టి నాటకాలు ఆడించారు. విషాద సారంగధర రాసి, దుఃఖంతోనే తెర దించారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దాన్ని చెప్పుకుంటారు. గ్రీకుల దగ్గర పుట్టిన ఆ పద్ధతి రోమన్ల మీదుగా షేక్స్‌పియర్‌కు చేరి, ఇంగ్లీషు చదువులతో బళ్లారికి వచ్చింది. 1880లో తాడిపత్రిలో పుట్టిన ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ ఆ రంగస్థలాన్ని దేశమంతా మెచ్చుకునేలా చేశారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, ఏథెన్స్ ఎరగని తలుపు తెరిచారు.

చెడు ముగింపు ఎందుకయ్యా, ఉన్న కష్టాలు చాలవా అని పిల్లలు అడిగేవారు. మహిమతో కాళ్లూ చేతులూ తిరిగొస్తే రాజు తప్పు కూడా చెరిగిపోతుంది. తిరిగి రాకపోతేనే, విచారణ లేకుండా శిక్ష వేసిన అధికారం ఏం చేసిందో మనకు గుర్తుండిపోతుంది. ఏథెన్స్ పౌరుడు మర్నాడు సభలోనో న్యాయస్థానంలోనో తీర్పు చెప్పాల్సినవాడు. ఆ నాటకం అతనికి పనికొచ్చింది. ఓటు ఉన్న ప్రతి మనిషికీ ఈ రోజుకీ పనికొస్తుంది. అందుకే మన జిల్లా కాలేజీల్లో విషాద సారంగధరనూ హిప్పోలిటస్‌నూ ఒకే వారంలో, ఒకే వేదిక మీద, తెలుగులో ఆడించాలని నా కోరిక.